ఒక్క రోజులో దుబాయి చూడాలంటే క్రీక్ దగ్గరే మొదలుపెట్టాలి

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఆర్మూర్ వైపు దుబాయి వెళ్లొచ్చిన మనిషి లేని ఊరు దొరకడం కష్టం. ఆ మనిషిని అక్కడ ఏమేం చూశావని అడిగితే మాత్రం సైట్, క్యాంపు, రెండింటి మధ్య తిరిగే కంపెనీ బస్సు, ఇంతకు మించి పెద్దగా చెప్పడు. ఇప్పుడు కొంత మారింది. కొడుకో కూతురో అక్కడ ఆఫీసు ఉద్యోగంలో ఉంటే అవ్వనీ బాపునీ విజిట్ వీసా మీద పిలిపించుకుంటున్నారు. హనుమకొండలో, కరీంనగర్‌లో ట్రావెల్ ఆఫీసులు దుబాయి ప్యాకేజీలు అమ్ముతున్నాయి. వెళ్లినవాళ్లు బుర్జ్ ఖలీఫా ముందు ఫొటో దిగుతారు, ఇసుకలో కారెక్కి తిరుగుతారు, తులమో అర తులమో బంగారం కొంటారు. వచ్చాక ఒకటే మాట: "అంతా ఆయిల్ పైసలు."

ఆ మాట సరైంది కాదు. ఈ రోజు దుబాయి సంపాదనలో చమురు వాటా 2 శాతం కూడా లేదు. దుబాయి ఒక భాగమైన యూఏఈ దేశంలో చమురు దండిగా ఉన్నది పక్కనున్న అబుదాబిలో. దుబాయి నిలబడింది వేరే వాటి మీద: ఓడల మీద నడిచిన వ్యాపారం, అప్పు తెచ్చి ముందే పెట్టిన పెట్టుబడి, సముద్రం నుంచి తీసిన మంచినీళ్లు, పైపుల్లో పంపే చల్లదనం, బయటి దేశాల నుంచి వచ్చిన చేతులు. ఇవన్నీ కంటికి కనిపించేవే. కాకపోతే ఎత్తయిన టవర్ దగ్గర మొదలుపెడితే కనిపించవు. నగరం ఏ వరుసలో పెరిగిందో ఆ వరుసలోనే చూడాలి. చేతిలో ఒక్క రోజే ఉంటే నేను చెప్పే దారి ఇది.

పొద్దున: క్రీక్

ఎండ ముదరకముందే మెట్రో గ్రీన్ లైన్‌లో అల్ ఘుబైబా స్టేషన్‌లో దిగండి. కొంచెం నడిస్తే క్రీక్ ఒడ్డు. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయ ఇది. ఇటువైపు బర్ దుబాయి, అటువైపు దేరా. మధ్యలో అబ్రా అనే చెక్క పడవలు తిరుగుతుంటాయి. ఒక్క దిర్హమ్ ఇస్తే అవతలి ఒడ్డుకు చేరుస్తాయి. దుబాయిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత చరిత్ర చూపించే చోటు మరొకటి లేదు.

నూరేళ్ల కింద ఈ ఒడ్డున బతుకంతా ముత్యాల మీదే. మనుషులు సముద్రంలో మునిగి ముత్యపు చిప్పలు ఏరుకొచ్చేవారు, ఆ ముత్యాలు బొంబాయి మార్కెట్‌కు వెళ్లేవి. 1930ల నాటికి జపాన్‌వాళ్లు పెంచిన ముత్యాలు మార్కెట్‌లోకి వచ్చాయి, అదే సమయంలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ముత్యాల వ్యాపారం కూలిపోయింది, ఊరు అప్పుల్లో పడింది. క్రీక్‌లో కూడా ఇసుక మేట వేసి పెద్ద పడవలు రాలేని పరిస్థితి. అప్పటి పాలకుడు షేక్ రాషిద్ కువైట్ నుంచి అప్పు తెచ్చి 1959లో పూడిక తీత మొదలుపెట్టించాడు. ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోవాలి: దుబాయిలో చమురు బయటపడింది 1966లో, ఎగుమతి మొదలైంది 1969లో. అంటే చుక్క చమురు లేనప్పుడే, తీర్చగలమో లేదో తెలియని అప్పుతో, ఓడలకు దారి వేసుకున్నారు. ఆ తర్వాత ఈ నగరం చేసిన ప్రతి పెద్ద పనిలో ఇదే పద్ధతి కనిపిస్తుంది. ముందు కట్టడం, జనం వస్తారని నమ్మడం.

ఆ రోజుల్లో ఈ ఒడ్డున చెలామణి అయింది మన రూపాయే. గల్ఫ్ వ్యాపారులు రూపాయలిచ్చి కొన్న బంగారం పడవల్లో మన పశ్చిమ తీరానికి దొంగచాటుగా చేరేది. దానివల్ల మన విదేశీ మారక నిల్వలు కరిగిపోతున్నాయని 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసమే వేరే రంగులో రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక దుబాయి ఆ నోట్లను వదిలేసింది. దిర్హమ్ వచ్చింది 1973లో. ఒకప్పుడు మన నోట్లతో నడిచిన బజారులో ఇప్పుడు మన పిల్లలు దిర్హమ్‌లు సంపాదించి ఇంటికి పంపుతున్నారు. దేరా ఒడ్డున బంగారం బజారులో నిలబడినప్పుడు నన్ను బాగా కదిలించిన విషయం ఇదే.

చమురు డబ్బు వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టారన్నది అసలు ప్రశ్న. 1972లో రాషిద్ పోర్టు. 1979లో జెబెల్ అలీ పోర్టు. 1985లో దాని పక్కనే, బయటి దేశాల కంపెనీలు స్థానిక భాగస్వామి లేకుండా సొంతంగా పెట్టుకోగల ఫ్రీ జోన్. అదే ఏడాది ఎమిరేట్స్ విమాన సంస్థ. అంటే నేల కింద దొరికింది అయిపోయేలోపు, అయిపోని ఆదాయ మార్గాలు వేసుకున్నారు. "ఆయిల్ పైసలు" అన్న మాటలో ఉన్న నిజం ఇంతవరకే.

బర్ దుబాయి వైపు అల్ ఫహీదీ పాత వాడ ఉంది. అక్కడ ఒక గంట ఉండండి. పగడపు రాయి, జిప్సంతో కట్టిన ఇళ్లు, వాటి మీద చతురస్రాకారపు గాలి గోపురాలు. వాటిని బర్జీల్ అంటారు. నాలుగు దిక్కుల్లో ఎటు నుంచి గాలి వీచినా పట్టి కింది గదిలోకి దించుతాయి. కరెంటు లేని కాలంలో వాళ్ల ఏసీ అదే. దాని కింద ఒకసారి నిలబడి చూస్తే, మధ్యాహ్నం చూడబోయే చల్లదనానికి ఎంత ఖర్చవుతోందో అర్థమవుతుంది.

మధ్యాహ్నం: టవర్, దాని కింద ఉన్నవి

రెడ్ లైన్ ఎక్కి బుర్జ్ ఖలీఫా స్టేషన్‌లో దిగండి. డ్రైవర్ లేని ఈ మెట్రో 2009 సెప్టెంబర్ 9న మొదలైంది. టవర్ ఎత్తు 828 మీటర్లు, పని మొదలైంది 2004లో, తెరిచింది 2010 జనవరి 4న. ఈ అంకెలు ఏ గైడ్ అయినా చెబుతాడు. నాకు ముఖ్యమనిపించేది పునాది.

మన ములుగు జిల్లాలో రామప్ప గుడి 1213లో కట్టినప్పుడు కాకతీయుల స్థపతులు గుంత తవ్వి ఇసుక నింపి, దాని మీద గుడి నిలబెట్టారు. నేల కదిలినా ఆ కుదుపు ఇసుక మింగేస్తుందని. దుబాయి ఇంజనీర్ల కష్టం వేరు. అక్కడ ఇసుక కింద ఉన్నది గట్టి రాయి కాదు, మెత్తని ఇసుకరాయి. మన దక్కన్ నేల మాదిరి కింద నల్లరాయి తగలదు. అందుకని 190కి పైగా కాంక్రీటు పైల్స్‌ను, అంటే పునాది స్తంభాలను, ఒక్కోటి ఒకటిన్నర మీటర్ల మందంతో, 40 మీటర్లకు పైగా లోతుకు దించారు. ఆ పైల్స్ ముఖ్యంగా చుట్టూ ఉన్న మెత్తరాయితో రాపిడి వల్లే బరువు మోస్తాయి. పైన కట్టడం మూడు రెక్కలతో ఉంటుంది. రెక్కలు ఒకదానికొకటి ఆసరా. ఎత్తు పెరిగేకొద్దీ ఆకారం మెట్టు మెట్టుగా మారుతుంది కాబట్టి గాలి ఒకే లయలో తోసి భవనాన్ని ఊపలేదు.

కాంక్రీటు పోయడం మరో కథ. ఎండలో సిమెంట్ త్వరగా గట్టిపడి పగుళ్లు వస్తాయి. అందుకని వేసవిలో రాత్రిపూట పోసేవారు, నీళ్లకు బదులు కొంత ఐసు కలిపేవారు. 600 మీటర్లకు పైగా ఎత్తుకు పంపుతో ఎక్కించారు. పని ఉధృతంగా సాగినప్పుడు రోజూ 12,000 మంది దాకా ఆ సైట్‌లో ఉన్నారు. 2006 మార్చిలో జీతాలు, పని పరిస్థితుల మీద కోపంతో 2,500 మంది దాకా కార్మికులు అక్కడే ఎదురుతిరిగారు. 124వ అంతస్తులో అద్దాల వెనక నిలబడినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పేరు వెనక కూడా లెక్క ఉంది. తెరిచే రోజు దాకా దాని పేరు బుర్జ్ దుబాయి. 2009 నవంబర్‌లో దుబాయి ప్రభుత్వ సంస్థ దుబాయి వరల్డ్ అప్పులు కట్టలేమని, గడువు కావాలని చెప్పింది. ప్రపంచ మార్కెట్లన్నీ కుదుపునకు లోనయ్యాయి. డిసెంబర్‌లో అబుదాబి 1,000 కోట్ల డాలర్లు ఇచ్చి గండం గట్టెక్కించింది. మరుసటి నెలలో టవర్‌కు అబుదాబి పాలకుడు షేక్ ఖలీఫా పేరు పెట్టారు. ఆ రెండేళ్లలో ఆగిపోయిన సైట్ల నుంచి తిరిగొచ్చినవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. అక్కడి అప్పుల సంగతి ఇక్కడి పేపర్లో వచ్చేలోపే అక్కడి ఫోర్‌మన్ "రేపటి నుంచి పని లేదు" అని చెప్పేశాడు. దుబాయి అప్పు తెచ్చి చేసే పందెంలో ముందుగా నష్టపోయేది ఎవరో అప్పుడు తేలింది.

ఇక మాల్‌లోకి రండి. బయట 42 డిగ్రీలు, లోపల చలి. ఈ చలి ప్రతి భవనం నెత్తిన ఉన్న ఏసీ పెట్టెల నుంచి రాదు. ఒకచోట పెద్ద ప్లాంటులో నీళ్లను అతి చల్లగా చేసి, భూమిలో వేసిన పైపుల్లో చుట్టుపక్కల భవనాలకు పంపుతారు. ఆ నీళ్లు గదుల వేడిని లాక్కుని వెనక్కి వస్తాయి. దీన్ని డిస్ట్రిక్ట్ కూలింగ్ అంటారు. విడివిడి ఏసీలతో పోలిస్తే కరెంటు బాగా తగ్గుతుంది. గాలిలోని తేమ చల్లని పైపుల మీద చేరి కారే నీళ్లను కూడా వదలరు. ఒక్క బుర్జ్ ఖలీఫా నుంచే ఏడాదికి 5 కోట్ల లీటర్లకు పైగా పట్టి చెట్లకు పెడతారు.

అసలు తాగే నీళ్లు ఎక్కడివి? వాన సగటున ఏడాదికి 100 మిల్లీమీటర్ల లోపే. నది లేదు, చెరువు లేదు. మన పెద్దలు పాకాల, రామప్ప, లక్నవరం కట్టింది నాలుగు నెలల వానను పన్నెండు నెలలకు దాచుకోవడానికి. అక్కడ దాచుకోవడానికి వానే లేదు. అందుకే సముద్రాన్నే మంచినీళ్లు చేసుకున్నారు. మనకు రామగుండం ఎట్లనో, దుబాయికి జెబెల్ అలీ అట్లా. ఒకేచోట కరెంటు, నీళ్లు తయారవుతాయి. గ్యాస్ మండించి టర్బైన్లు తిప్పాక మిగిలే వేడితో ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో సముద్రపు నీటిని వేడి చేస్తారు. ఒత్తిడి తగ్గించిన గదుల్లోకి వదిలితే ఆ నీళ్లు తక్కువ వేడికే ఆవిరవుతాయి. ఆ ఆవిరిని చల్లబరిస్తే మంచినీళ్లు. కొత్త ప్లాంట్లు మాత్రం మన ఊరి ఆర్వో ప్లాంటు పద్ధతిలోనే నడుస్తాయి. సముద్రపు ఉప్పు మన బోరు నీళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఒత్తిడి చాలా పెంచాలి. వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. దుబాయికి రోజుకు 200 కోట్ల లీటర్లకు పైగా తయారు చేసే శక్తి ఉంది.

ఇక్కడే చిక్కుముడి. నీళ్లు కావాలంటే కరెంటు కావాలి, కరెంటుకు గ్యాస్ కావాలి. ఆ గ్యాస్‌లో చాలా భాగం ఖతర్ నుంచి సముద్రం కింద వేసిన డాల్ఫిన్ పైపులైన్‌లో వస్తుంది. ఉప్పు తీసేశాక మిగిలే చిక్కటి ఉప్పునీరు తిరిగి గల్ఫ్‌లోకే పోతుంది. ఆ సముద్రం సగటు లోతు 35 మీటర్లే, మామూలుగానే ఉప్పు ఎక్కువ. అంటే నీళ్లు తోడుకునే చోటే ఉప్పు పెరుగుతోంది. గ్యాస్ మీద ఆధారం తగ్గించుకోవడానికే ఎడారిలో 2030 నాటికి 5,000 మెగావాట్లు దాటే లక్ష్యంతో సోలార్ పార్క్ కడుతున్నారు. సూర్యుడి వేడిని కరిగించిన ఉప్పులో దాచి రాత్రి కరెంటు చేసే 260 మీటర్ల టవర్ కూడా అక్కడ ఉంది. ఎడారిలో ఎక్కువగా ఉన్నది ఎండే కదా, దాన్ని వాడుకోవడం ఇంత ఆలస్యంగా మొదలుపెట్టడమే నాకు ఆశ్చర్యం.

సాయంత్రం: ఇసుక

పామ్ జుమేరా మీద నిలబడితే అందరూ అడిగేది ఒకటే, ఎడారి పక్కనే ఉండగా ఇసుక సముద్రం అడుగు నుంచి ఎందుకు తోడారని. ఎడారి ఇసుక వేల ఏళ్లు గాలికి దొర్లి దొర్లి నున్నగా గుండ్రంగా అయిపోతుంది. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. నీళ్లలో పోస్తే జారిపోతుంది, కాంక్రీటుకూ సరిగా పనికిరాదు. మానేరు, గోదావరి ఇసుకకు మన దగ్గర అంత గిరాకీ, లారీల మీద అన్ని గొడవలు ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. 2001లో మొదలైన ఈ ద్వీపం కోసం గల్ఫ్ అడుగు నుంచి 9 కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుక తోడి, జీపీఎస్ చూసుకుంటూ ఓడల మీద నుంచి చిమ్మారు. తర్వాత యంత్రాలతో కుదిపి గట్టిపరిచారు. చుట్టూ అలలను ఆపడానికి 11 కిలోమీటర్ల రాతి కట్ట. మొదట ఆ కట్ట లోపల నీళ్లు కదలక నిలిచిపోతుంటే, మధ్యలో దారులు విడిచి సరిచేయాల్సి వచ్చింది. ద్వీపం ఆకారం నేల మీద నుంచి తెలియదు. అక్కడి వ్యూ టవర్ 52వ అంతస్తు ఎక్కితేనే కనిపిస్తుంది.

సఫారీ గురించి పెద్దగా చెప్పను. టైము లేకపోతే మానేయండి.

వాన సంగతి చెప్పాలి, ఎందుకంటే 2024 ఏప్రిల్ 16న దుబాయి మునిగిన వీడియోలు మన ఫోన్లన్నింటిలోనూ తిరిగాయి. మేఘాల్లో మందు చల్లడం వల్లే అంత వాన పడిందన్నారు. ఆ తుఫాను పెద్ద వాతావరణ వ్యవస్థగా రోజుల ముందే కనిపించింది, చుట్టుపక్కల ఒమన్‌లోనూ కురిసింది, ఆ సమయంలో మేఘమథనం చేయలేదని యూఏఈ వాతావరణ శాఖ చెప్పింది. అల్ ఐన్ దగ్గర 24 గంటల్లో 250 మిల్లీమీటర్లకు పైగా పడింది. 2023 జూలైలో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో పడింది 649.8 మిల్లీమీటర్లు. దుబాయిలో ఆరేడేళ్లు పడే వాన అది. అయినా దుబాయి అంతగా మునగడానికి కారణం నేల. మన దగ్గర వాగులు, కాలువలు, గొలుసుకట్టు చెరువులు ఉంటాయి, వాటిని కబ్జా చేసినప్పుడు మునుగుతాం. అక్కడ నీళ్లు పోవడానికి దారులే పెద్దగా వేయలేదు, వాన రాని ఊరు కాబట్టి.

రాత్రి: మనుషులు

1968 నాటికి దుబాయి జనాభా 60 వేల లోపు. ఇప్పుడు 38 లక్షలు దాటింది. పదిమందిలో తొమ్మిదిమంది బయటి దేశాలవాళ్లు, పదిమందిలో దాదాపు ఏడుగురు మగవాళ్లు. ఈ రెండో అంకె వెనక ఉన్నది మన ఊళ్లే: భర్త అక్కడ, భార్య ఇక్కడ బీడీలు చుట్టుకుంటూ, పిల్లలు నాన్నను ఫోన్‌లో చూసుకుంటూ. గల్ఫ్‌లో నిర్మాణాలు జోరందుకున్న 1970ల నుంచి, బోర్లు ఎండిన కాలంలో మరీ ఎక్కువగా, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్ల నుంచి మనుషులు వెళ్తూనే ఉన్నారు. నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి వెళ్లేవారు. మొదటి ఏడాది, ఒక్కోసారి రెండో ఏడాది జీతం ఆ అప్పుకే.

అక్కడ బయటి కార్మికులను పెట్టుకునే వ్యవస్థ పేరు కఫాలా. వీసా మనిషిది కాదు, కంపెనీది. కంపెనీని వదిలేస్తే అక్కడ ఉండే హక్కు పోతుంది. పాస్‌పోర్టు లేకుండా, కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. న్యాయంగా చెప్పాలంటే చట్టాలు మారాయి. 2009 నుంచి జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి వచ్చింది. 2022లో అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం పాస్‌పోర్టు లాక్కోవడాన్ని, కార్మికుడి నుంచి నియామక ఖర్చు వసూలు చేయడాన్ని నిషేధించింది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష కూడా ఇచ్చారు. కానీ అక్కడి చట్టం ఇక్కడి ఏజెంటు చేతిలోని అప్పు పత్రాన్ని చింపలేదు. అసలు మెలిక మన ఊరి దగ్గరే పడుతోంది.

అందుకే మీ ఊరివాళ్లు ఎవరైనా క్యాంపులో ఉంటే రాత్రి పూట సోనాపూర్ వెళ్లి రండి. ముహైస్నా అని బోర్డుల మీద రాసి ఉంటుంది. ముందే ఫోన్ చేసి, వాళ్ల సెలవు రోజు చూసుకుని వెళ్లండి. 2022 జనవరి నుంచి అక్కడ వారాంతం శని, ఆదివారాలకు మారింది, కానీ చాలా సైట్లలో సెలవు ఒక్క ఆదివారమే. ఆ రూములో కూర్చుంటే మధ్యాహ్నం చూసిన టవర్ గురించి గైడ్ చెప్పనివి తెలుస్తాయి. ఏ అంతస్తుకు షట్టరింగ్ ఎవరు కొట్టారో, స్టీల్ ఎవరు కట్టారో, ఐసు కలిపిన కాంక్రీటు ఎట్లా ఉండేదో. ఆ పని గురించి వాళ్లు గర్వంగా చెబుతారు. మనం అడగమంతే.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం కూడా చూడాల్సిన చోటే. 1960లో గట్టిపరిచిన ఇసుక రన్‌వేతో మొదలైంది, 2024లో 9.2 కోట్ల మంది దాని గుండా వెళ్లారు. అది చాలదని జెబెల్ అలీ వైపు అల్ మక్తూమ్ విమానాశ్రయాన్ని 12,800 కోట్ల దిర్హమ్‌లతో, ఐదు రన్‌వేలతో, ఏడాదికి 26 కోట్ల మంది కోసం కడతామని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. మళ్లీ అదే పందెం. దాన్ని కట్టే చేతుల్లో కొన్ని మన జిల్లాలవే అవుతాయి.

మీ ఇంట్లోంచి ఎవరైనా ఆ పనికి బయల్దేరితే ఏజెంటుకు రూపాయి ఇవ్వకముందే అతని లైసెన్స్ నంబర్ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. వీసా మీద ఉద్యోగమని ఉందో విజిట్ అని ఉందో చదివించుకోండి. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది, వాళ్లు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా ఉద్యోగాలు వస్తాయి. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు కట్టాల్సింది 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. ఆ కాగితం జిరాక్స్ ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి.